ఇద్దరూ జస్టిస్ రామస్వామిలే.. ఒకరిపై అభిశంసన, ఇంకొకరిది సమత తీర్పు! ఇంతకీ ఎవరు ఎవరు?

జడ్జిని పదవి నుంచి తొలగించాలన్న చర్చ దేశంలో ఎప్పుడు మొదలైనా ఒక పేరు గ్యారంటీగా తెరపైకి వస్తుంది. జస్టిస్ రామస్వామి. 2025 మార్చి 14 రాత్రి ఢిల్లీలో జస్టిస్ యశ్వంత్ వర్మ అధికారిక నివాసంలో మంటలు చెలరేగాయి. స్టోర్ రూమ్‌లో కాలిన నోట్ల కట్టలు కనిపించాయన్న వార్త దేశమంతా పాకింది. ఆ డబ్బుతో తనకు సంబంధం లేదని ఆయన చెప్పారు. కానీ వ్యవహారం పార్లమెంటు గడప దాకా వెళ్లింది. అంతే.. మళ్లీ అదే పేరు స్క్రోలింగుల్లోకి వచ్చేసింది. '1993లో జస్టిస్ రామస్వామిపై అభిశంసన' అంటూ.

ఇక్కడే ఒక చిక్కుంది. యశ్వంత్ వర్మ కేసును కాస్త లోతుగా చదివితే రామస్వామి పేరు ఒక్కసారి కాదు, రెండుసార్లు వస్తుంది. ఒకసారి అభిశంసన ఎదుర్కొన్న జడ్జిగా. ఇంకోసారి జడ్జిల తప్పులపై కోర్టు లోపలే విచారణ జరిపే పద్ధతికి బాట వేసిన తీర్పు రాసిన జడ్జిగా. ఒకే మనిషి రెండు వైపులా ఎలా ఉన్నారు?

లేరు. వాళ్లిద్దరు వేర్వేరు మనుషులు. ఒకరు జస్టిస్ వి.రామస్వామి. ఇంకొకరు జస్టిస్ కె.రామస్వామి. పైగా రెండో ఆయన మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లినవారు. విశాఖ మన్యంలో గిరిజన భూములకు నేటికీ అండగా ఉన్న సమత తీర్పు ఆయనదే. అభిశంసన మరక ఆయనది కాదు. కానీ ఇనీషియల్ ఎగిరిపోయిన ప్రతిసారీ ఆ మరక ఎవరి ఖాతాలో పడుతుందో చెప్పలేని పరిస్థితి.

ఒకే రోజు.. ఇద్దరు రామస్వామిలు

ఇది సినిమా కథలా అనిపిస్తుంది కానీ నిజం. 1989 అక్టోబర్ 6. సుప్రీంకోర్టులో కొత్త జడ్జిలు బాధ్యతలు తీసుకున్నారు. అప్పుడు చీఫ్ జస్టిస్ ఇ.ఎస్.వెంకటరామయ్య. ఆ రోజు చేరినవారిలో పంజాబ్-హర్యానా హైకోర్టు చీఫ్ జస్టిస్‌గా పనిచేసి వచ్చిన వి.రామస్వామి ఉన్నారు. ఆయన సొంత హైకోర్టు మద్రాస్. అదే రోజు హైదరాబాద్ నుంచి వెళ్లిన కె.రామస్వామి కూడా చేరారు. దళిత వర్గం నుంచి అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లిన అతి కొద్దిమందిలో కె.రామస్వామి ఒకరు.

పీబీ సావంత్ కూడా ఆ రోజే చేరారు. ఈ పేరు కాస్త గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ వస్తుంది.

ఇంగ్లిష్‌లో ఇద్దరి పేర్లకూ చిన్న తేడా ఉంది. వి.రామస్వామి పేరు చివర 'ఐ' అక్షరం ఉంటుంది. కె.రామస్వామి పేరు చివర 'వై' ఉంటుంది. లా రిపోర్టులు చూసే లాయర్లు ఆ ఒక్క అక్షరంతో కూడా మనిషిని పట్టేస్తారు. తెలుగులోకి వచ్చేసరికి ఆ తేడా మాయం. ఎలా రాసినా రామస్వామే. అంటే తెలుగు పాఠకుడికి మిగిలేది పేరు ముందున్న ఒక్క ఇనీషియల్ మాత్రమే. హెడ్డింగ్‌లో చోటు చాలదని, స్క్రీన్ మీద పట్టదని మొదట కత్తెర పడేది కూడా దానికే!

చండీగఢ్ బంగ్లా నుంచి లోక్‌సభ దాకా

వి.రామస్వామిపై ఆరోపణలు సుప్రీంకోర్టుకు రాకముందటివి. ఆయన చండీగఢ్‌లో చీఫ్ జస్టిస్‌గా ఉన్న 1987-89 మధ్య అధికారిక నివాసం పేరుతో ప్రభుత్వ సొమ్మును విచ్చలవిడిగా ఖర్చు చేశారన్నది ప్రధాన ఆరోపణ. ఫర్నిచర్, కార్పెట్లు, ఫోన్ బిల్లులు, చివరికి కోర్టు ఊరేగింపులో వాడే వెండి దండాల కొనుగోలు కూడా అందులో ఉంది. 1990 జులైలో అప్పటి సీజేఐ సవ్యసాచి ముఖర్జీ ఆయన్ని కోర్టు పనులకు దూరంగా ఉండమని సూచించారు. ఒక సిట్టింగ్ జడ్జికి సీజేఐ ఇలా చెప్పడం మామూలు విషయం కాదు.

1991లో 108 మంది లోక్‌సభ సభ్యులు తొలగింపు తీర్మానంపై సంతకాలు చేశారు. స్పీకర్ రబీ రే దాన్ని అనుమతించి ముగ్గురితో విచారణ కమిటీ వేశారు. అందులో మొదటి పేరు జస్టిస్ పీబీ సావంత్. అవును, వి.రామస్వామితో పాటు ఒకే రోజు సుప్రీంకోర్టులో చేరిన ఆయనే. రెండో సభ్యుడు బొంబాయి హైకోర్టు చీఫ్ జస్టిస్ పీడీ దేశాయ్. మూడో సభ్యుడు మన తెలుగు న్యాయమూర్తి, అప్పటికే రిటైరైన జస్టిస్ ఓ.చిన్నప్ప రెడ్డి. మొత్తం 14 అభియోగాల్లో 11 రుజువయ్యాయని ఈ కమిటీ తేల్చింది.

1993 మే 10, 11 తేదీల్లో లోక్‌సభలో చర్చ జరిగింది. సోమనాథ్ ఛటర్జీ తీర్మానం పెట్టారు. వి.రామస్వామి తరఫున కపిల్ సిబల్ సభలోనే నిలబడి గంటల తరబడి వాదించారు. ఓటింగ్ ఫలితం చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యమే. తీర్మానానికి అనుకూలంగా 196 ఓట్లు. వ్యతిరేకంగా సున్నా. ఒక్కరంటే ఒక్కరు కూడా ఆయన్ని వెనకేసుకొచ్చి ఓటు వేయలేదు. అయినా తీర్మానం వీగిపోయింది! ఎందుకంటే 205 మంది ఓటింగ్‌కు దూరంగా ఉండిపోయారు. వాళ్లంతా అధికార కాంగ్రెస్, దాని మిత్రపక్షాల సభ్యులు. అప్పటి ప్రధాని పీవీ నరసింహారావు. జడ్జిని తొలగించాలంటే ఓటు వేసినవారిలో మూడింట రెండొంతుల మందే కాదు, సభ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా కూడా అనుకూలంగా ఉండాలి. 196 దానికి చాలా దూరం.

వి.రామస్వామి రాజీనామా చేయలేదు. 1994 ఫిబ్రవరిలో మామూలుగానే రిటైరయ్యారు.

ఒక చిన్న మాట. వాడుకలో అందరూ అభిశంసన అంటారు కానీ, జడ్జిల విషయంలో రాజ్యాంగం 124(4) అధికరణలో వాడింది 'తొలగింపు' అన్న మాట. రాజ్యాంగంలో అభిశంసన అన్నది రాష్ట్రపతికి. అయినా ఆ మాట జనం నోట్లో ఎంతగా నాటుకుపోయిందంటే ఇక మార్చడం ఎవరి వల్లా కాదు.

రామస్వామి కేసులో.. జడ్జిగా రామస్వామి!

ఇప్పుడు అసలు మలుపు. విచారణ కమిటీ వ్యవహారం నడుస్తుండగా వి.రామస్వామి భార్య సరోజినీ రామస్వామి సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఎం.కృష్ణస్వామి అనే ఎంపీ వేసిన మరో పిటిషన్ కూడా 1992లో ఐదుగురు జడ్జిల ధర్మాసనం ముందుకు వచ్చింది. కృష్ణస్వామి కేసు విన్న ఆ ఐదుగురిలో ఒకరు ఎవరో తెలుసా? జస్టిస్ కె.రామస్వామి. మిగతా జడ్జిలతో కలవకుండా ఆయన వేరుగా తీర్పు రాశారు.

అంటే ఏమైంది? కేసు రామస్వామిది. బెంచ్ మీద రామస్వామి. పిటిషన్ వేసింది కృష్ణస్వామి. ఆ రోజుల్లో ఈ తీర్పును ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి మార్చిన డెస్క్ ఉద్యోగి పడ్డ తిప్పలు ఊహించుకోవాల్సిందే. ఇద్దరి మధ్య బంధుత్వం లేదు, రాష్ట్రం ఒకటి కాదు, నేపథ్యం ఒకటి కాదు. కలిసింది పేరు, చేరిన తేదీ మాత్రమే.

అక్కడితో ఆగలేదు. మూడేళ్ల తర్వాత, 1995లో, కె.రామస్వామి ముందుకు మరో జడ్జి వివాదం వచ్చింది. బొంబాయి హైకోర్టు చీఫ్ జస్టిస్ ఏఎం భట్టాచార్జీ రాసిన పుస్తకానికి ఒక విదేశీ ప్రచురణకర్త నుంచి రాయల్టీ అందిన వ్యవహారం అది. బార్ తిరగబడింది, ఆయన రాజీనామా చేశారు. సి.రవిచంద్రన్ అయ్యర్ అనే లాయర్ సుప్రీంకోర్టుకు వచ్చారు. జస్టిస్ కె.రామస్వామి, జస్టిస్ బీఎల్ హన్సారియా ధర్మాసనం ఈ కేసు విన్నది.

ఆ తీర్పు అడిగిన ప్రశ్న సూటిగా ఉంటుంది. ఒక జడ్జి చేసిన పని తొలగింపు దాకా వెళ్లేంత పెద్దది కాకపోవచ్చు. కానీ జడ్జి చేయదగ్గ పని కూడా కాకపోవచ్చు. ఈ రెంటికీ మధ్య ఉన్న ఖాళీని ఎవరు చూడాలి? రోడ్డు మీద ధర్నాలు, బార్ తీర్మానాలు దానికి మందు కాదని ధర్మాసనం చెప్పింది. ఫిర్యాదు హైకోర్టు చీఫ్ జస్టిస్ ద్వారా సీజేఐ దగ్గరకు వెళ్లాలి, న్యాయవ్యవస్థ లోపలే దాన్ని తేల్చుకోవాలి అన్నది సారాంశం. ఆ దారిలోనే సుప్రీంకోర్టు తర్వాత అంతర్గత విచారణ పద్ధతిని తయారు చేసుకుని 1999లో ఆమోదించింది. వార్తల్లో ఇన్‌హౌస్ ఎంక్వైరీ అని వినిపించేది అదే.

2025 మార్చి 22న సీజేఐ సంజీవ్ ఖన్నా జస్టిస్ యశ్వంత్ వర్మపై ముగ్గురు జడ్జిలతో కమిటీ వేసింది ఈ పద్ధతి ప్రకారమే. ఆ కమిటీ నివేదిక ఆయనకు వ్యతిరేకంగా వచ్చింది. ఆ విచారణనే సవాల్ చేస్తూ యశ్వంత్ వర్మ వేసిన పిటిషన్‌ను ఆగస్టు 7న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఐదు రోజులకే, ఆగస్టు 12న, లోక్‌సభ స్పీకర్ ఓం బిర్లా చట్టప్రకారం విచారణ కమిటీ వేశారు.

ఇప్పుడు వెనక్కి చూస్తే బొమ్మ స్పష్టంగా కనిపిస్తుంది. మార్చిలో నడిచింది కె.రామస్వామి తీర్పు చూపిన దారి. ఆగస్టులో మొదలైంది వి.రామస్వామి మీద తొలిసారి నడిచిన దారి. రెండు దారులూ ఒకే కేసులో కలిశాయి. ఆ తేడా తెలియకుండా 'రామస్వామి కేసు' అని ఒక్క ముక్కలో చెబితే చూసేవాళ్లకు అర్థమయ్యేది సగమే. అది కూడా తప్పుగా!

విశాఖ మన్యంలో ఈ పేరుకు విలువేంటి?

సరే, ఢిల్లీ గొడవ పక్కనపెడదాం. తెలుగు నేలకు ఈ గందరగోళంతో పనేంటి? అనంతగిరి వైపు వెళితే తెలుస్తుంది.

ఏజెన్సీలో పుట్టి పెరిగిన ఎవరినడిగినా '1/70' అంటే ఏంటో చెబుతారు. 1959లో వచ్చిన ఏజెన్సీ భూబదలాయింపు నిబంధనలకు 1970లో చేసిన గట్టి సవరణ అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్నది దాని ఉద్దేశం. మరి ప్రభుత్వమే తన భూమిని ప్రైవేట్ మైనింగ్ కంపెనీకి లీజుకిస్తే? అది 1/70 కిందకు వస్తుందా, రాదా? బొర్రా గుహల చుట్టుపక్కల మైనింగ్ లీజులపై సమత అనే స్వచ్ఛంద సంస్థ ఈ ప్రశ్నతోనే కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడిపోయింది. సుప్రీంకోర్టుకు వెళ్లింది.

1997 జులై 11న తీర్పు వచ్చింది. ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపు. ప్రధాన తీర్పు రాసింది జస్టిస్ కె.రామస్వామి. జస్టిస్ సగీర్ అహ్మద్ ఆయనతో కలిశారు. జస్టిస్ జీబీ పట్నాయక్ విభేదించారు. నిబంధనలో ఉన్న 'వ్యక్తి' అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుంది అని మెజారిటీ తేల్చింది. అంటే గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి ఇవ్వకూడనట్టే, ప్రభుత్వం కూడా షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూమిని ప్రైవేట్ కంపెనీకి లీజుకు ఇవ్వకూడదు. తవ్వాల్సి వస్తే ప్రభుత్వ సంస్థో, గిరిజనుల సహకార సంఘమో తవ్వాలి. వచ్చిన నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతంలో నీళ్లు, బడులు, ఆస్పత్రులు, రోడ్ల కోసం శాశ్వత నిధిగా పక్కన పెట్టాలి.

ఆ తీర్పు చెప్పిన జులైలోనే కె.రామస్వామి రిటైరయ్యారు. వెళ్తూ వెళ్తూ ఇచ్చిన తీర్పు అన్నమాట. తర్వాత విశాఖ మన్యంలో బాక్సైట్ తవ్వకాలపై ఏళ్ల తరబడి గొడవ నడిచినప్పుడు ఉద్యమకారుల చేతిలో ఉన్న గట్టి ఆయుధం ఈ తీర్పే.

ఇదొక్కటే కాదు. 1996లో మధు కిష్వర్ కేసులో గిరిజన మహిళలకు ఆస్తిలో వారసత్వ హక్కు ఉండాలా అన్న ప్రశ్న వచ్చింది. ధర్మాసనంలో మిగతా ఇద్దరూ అంత దూరం వెళ్లడానికి వెనకాడితే, హక్కు ఉండాల్సిందేనంటూ కె.రామస్వామి విడిగా రాశారు. ఎస్సీ, ఎస్టీలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములు చేతులు మారకూడదన్న 1995 నాటి తీర్పు కూడా ఆయనదే. రాష్ట్రాల్లో ఇష్టమొచ్చినట్టు రాష్ట్రపతి పాలన పెట్టడానికి కళ్లెం వేసిన 1994 బొమ్మై కేసులో తొమ్మిది మంది ధర్మాసనంలోనూ ఆయన ఉన్నారు.

ఇంత పని చేసిన మనిషి పేరు తెలుగులో ఎక్కడైనా కనిపిస్తే చదివేవాళ్లకు మొదట వచ్చే అనుమానం ఏంటి? 'ఈయనేనా అభిశంసన ఎదుర్కొన్నది?' ఇనీషియల్ లేని పేరు తెచ్చిపెట్టిన తంటా ఇది. మామూలు మనుషుల విషయంలో అయితే పోనీలే అనుకోవచ్చు. జడ్జికి తీర్పే ఆస్తి. ఆ ఆస్తి మీద వేరొకరి మచ్చ పడటం చిన్న విషయం కాదు. గిరిజన హక్కుల మీద తీర్పు ఇచ్చిన జడ్జే అవినీతి ఆరోపణల్లో ఇరుక్కున్నారంటూ ఎవరైనా ఒక వీడియో చేసి వదిలితే ఖండించేవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఆగండి.. ఇంకో వి.రామస్వామి ఉన్నారు

పాఠకులకు ఓపిక ఉంటే ఇంకో ట్విస్ట్. 1965 నుంచి 1969 వరకు సుప్రీంకోర్టులో మరో జస్టిస్ వి.రామస్వామి పనిచేశారు. ఈయనకు ఇనీషియల్ కూడా అదే! పట్నా హైకోర్టు చీఫ్ జస్టిస్‌గా ఉండి ఢిల్లీ వచ్చారు. 1967 ఫిబ్రవరి 27న వచ్చిన గోలక్‌నాథ్ తీర్పులో 11 మంది జడ్జిలు ఆరుగురు, ఐదుగురుగా చీలిపోయారు. ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదన్న మెజారిటీకి నాయకత్వం వహించింది తెలుగువారైన సీజేఐ కోకా సుబ్బారావు. ఆయనతో విభేదించిన ఐదుగురిలో ఈ పాత వి.రామస్వామి ఒకరు.

ఇక్కడ ఇనీషియల్ కూడా సాయం చేయదు. సంవత్సరం చూసుకోవాల్సిందే. 60ల నాటి తీర్పు అయితే ఆయన, 90ల నాటిది అయితే ఈయన.

అమెరికా సుప్రీంకోర్టులోనూ ఇలాంటిదే ఉంది. జాన్ మార్షల్ హార్లన్ అనే పేరుతో ఇద్దరు జడ్జిలు. తాత 1877 నుంచి 1911 వరకు, మనవడు 1955 నుంచి 1971 వరకు. నల్లజాతి వారిని రైలు పెట్టెల్లో వేరుగా కూర్చోబెట్టడాన్ని సమర్థించిన 1896 నాటి ప్లెస్సీ తీర్పులో ఒంటరిగా విభేదించింది తాత. అక్కడ చరిత్ర పుస్తకాలు మొదటి హార్లన్, రెండో హార్లన్ అని విడదీసి రాస్తాయి. మన రామస్వామిలకు అలాంటి అంకెలు ఎవరూ తగిలించలేదు.

ఇద్దరు జోసెఫ్‌లు, ఇద్దరు మిశ్రాలు

ఇది పాతకాలం సమస్య అనుకుంటే పొరపాటు. 2018 గుర్తుందా? జనవరి 12న నలుగురు సీనియర్ జడ్జిలు ప్రెస్‌మీట్ పెట్టి దేశాన్ని ఉలిక్కిపడేలా చేశారు. ముందుండి మాట్లాడింది మన జస్టిస్ చలమేశ్వర్. పక్కన రంజన్ గొగోయ్, మదన్ లోకూర్, కురియన్ జోసెఫ్. వాళ్ల అసంతృప్తి సీజేఐ దీపక్ మిశ్రా కేసులు కేటాయిస్తున్న తీరుపైన. అప్పట్లో అందరి నోటా నలిగిన జడ్జి లోయా మృతి కేసు వెళ్లింది జస్టిస్ అరుణ్ మిశ్రా బెంచ్‌కు. ఇంగ్లిష్‌లో ఇద్దరి స్పెల్లింగ్ వేరు. తెలుగులో ఇద్దరూ మిశ్రాలే. ఒకరిది ఒడిశా, ఇంకొకరిది మధ్యప్రదేశ్. 'మిశ్రాపై తిరుగుబాటు' అని హెడ్డింగ్ పెడితే ఏ మిశ్రా?

మూడు నెలలు తిరగకముందే ఇంకో ముడి. ఉత్తరాఖండ్‌లో రాష్ట్రపతి పాలనను 2016లో కొట్టేసిన హైకోర్టు చీఫ్ జస్టిస్ కేఎం జోసెఫ్‌ను సుప్రీంకోర్టుకు తీసుకోవాలని కొలీజియం సిఫారసు చేసింది. కేంద్రం కదల్లేదు. దానిపై సీజేఐకి ఘాటుగా లేఖ రాసింది జస్టిస్ కురియన్ జోసెఫ్. జోసెఫ్ కోసం జోసెఫ్ లేఖ! ఏప్రిల్ చివర్లో కేంద్రం ఆ ఫైల్‌ను వెనక్కి పంపింది. చెప్పిన కారణాల్లో ఒకటి ఏంటంటే, కేరళ హైకోర్టు నుంచి ఇప్పటికే కురియన్ జోసెఫ్ ఉన్నారు కదా అని. అంటే ఒక జోసెఫ్ ఉండటమే ఇంకో జోసెఫ్‌కు అడ్డమైంది. చివరికి కేఎం జోసెఫ్ ఆగస్టులో చేరారు. నవంబర్‌లో కురియన్ జోసెఫ్ రిటైరయ్యేదాకా కోర్టులో ఇద్దరు జోసెఫ్‌లు ఉన్నారు.

అదే ఏప్రిల్‌లో సీజేఐ దీపక్ మిశ్రాను తొలగించాలంటూ కాంగ్రెస్ సహా ప్రతిపక్షాలు నోటీసిచ్చాయి. రాజ్యసభ చైర్మన్‌గా ఉన్న వెంకయ్యనాయుడు దాన్ని తోసిపుచ్చారు. ఆ నోటీసు వెనక నిలబడిన నేతల్లో కపిల్ సిబల్ ఒకరు. పాతికేళ్ల కిందట వి.రామస్వామి కోసం లోక్‌సభలో వాదించిన సిబలే. రాజకీయంలో ఇవన్నీ మామూలే అంటారు కొందరు.

ఇక ఇప్పటి వర్మ సంగతి. వర్మ అనగానే కోర్టు వార్తలు చదివేవాళ్లకు జస్టిస్ జేఎస్ వర్మ గుర్తొస్తారు. పనిచేసే చోట మహిళలపై వేధింపులకు అడ్డుకట్ట వేసిన 1997 విశాఖ తీర్పు ఆయన నేతృత్వంలోని ధర్మాసనానిది. నిర్భయ ఘటన తర్వాత చట్టాల్లో మార్పులు సూచించిన వర్మ కమిటీ ఆయనదే. 2013లో కన్నుమూశారు. యశ్వంత్ వర్మతో ఆయనకు ఏ సంబంధం లేదు. ఇంగ్లిష్‌లో స్పెల్లింగ్ కూడా ఒకటి కాదు. తెలుగులో మాత్రం 'వర్మ కమిటీ' అంటే వర్మ వేసిన కమిటీయా, వర్మపై వేసిన కమిటీయా అని ఆగి ఆలోచించాలి. అన్నట్టు, వి.రామస్వామి భార్య వేసిన కేసులో ప్రధాన తీర్పు రాసింది కూడా జేఎస్ వర్మే.

రెడ్లలో ఈ తికమక ఎందుకు లేదు?

సుప్రీంకోర్టుకు వెళ్లిన తెలుగు జడ్జిల జాబితా చూస్తే రెడ్డి అనే పేరు అరడజను సార్లకు పైగానే కనిపిస్తుంది. పి.జగన్మోహన్ రెడ్డి, చిన్నప్ప రెడ్డి, జయచంద్రా రెడ్డి, జీవన్ రెడ్డి, వెంకటరామ రెడ్డి, సుదర్శన్ రెడ్డి, సుభాష్ రెడ్డి. 90ల మొదట్లో జయచంద్రా రెడ్డి, జీవన్ రెడ్డి ఒకేసారి కోర్టులో ఉన్నారు. అయినా తెలుగువాళ్లు వీళ్లను కలిపేసుకోరు. కారణం సింపుల్. మనం మనిషిని సొంత పేరుతో పిలుస్తాం, చివర తోకతో కాదు. మండల్ తీర్పు ఎవరిది అంటే జీవన్ రెడ్డిది అంటాం. సల్వాజుడుం తీర్పు ఎవరిది అంటే సుదర్శన్ రెడ్డిది అంటాం. 2025 ఉపరాష్ట్రపతి ఎన్నికలో ఆయన ప్రతిపక్షాల అభ్యర్థి అయినప్పుడు ఆ తీర్పే మళ్లీ చర్చకు వచ్చింది. ఢిల్లీ ఇంగ్లిష్ పత్రికల పద్ధతిలో 'జస్టిస్ రెడ్డి' అని రాస్తే ఇక్కడ ఎవరికీ అర్థం కాదు.

జగన్మోహన్ రెడ్డి విషయంలో మాత్రం మినహాయింపు ఇవ్వాలి. 1973 కేశవానంద భారతి కేసులో 13 మంది జడ్జిల్లో ఒకరైన ఈ న్యాయమూర్తి పేరు ఇప్పుడు ఫోన్‌లో కొడితే ముందు ఎవరి ఫొటోలు వస్తాయో చెప్పక్కర్లేదు.

రామస్వామిల దగ్గర మాత్రం ఈ అలవాటు మనల్ని కాపాడలేకపోయింది. ఎందుకంటే అక్కడ కలిసింది తోక కాదు, సొంత పేరే. దక్షిణాదిలో ఇంటిపేరునో, ఊరినో, తండ్రి పేరునో ఇనీషియల్‌లో దాచేస్తాం. మనిషి గుర్తింపు మొత్తం ఆ ఒక్క అక్షరంలో ఉంటుంది. జస్టిస్ బీవీ నాగరత్న పేరులోని 'వీ' అంటే వెంకటరామయ్య. 1989లో ఇద్దరు రామస్వామిలు చేరినప్పుడు సీజేఐగా ఉన్న ఆ వెంకటరామయ్య కూతురే ఆమె. కేరళకు చెందిన కేఎం జోసెఫ్ తండ్రి కూడా సుప్రీంకోర్టు జడ్జే, కేకే మాథ్యూ. పేర్లు చూస్తే తండ్రీబిడ్డలని ఎవరూ అనుకోరు.

ఉత్తరాదిలో, మహారాష్ట్రలో లెక్క వేరు. అక్కడ ఇంటిపేరే జెండా. వైవీ చంద్రచూడ్, డీవై చంద్రచూడ్ అనగానే తండ్రీకొడుకులని అందరికీ తెలిసిపోతుంది. ఎమర్జెన్సీలో పౌరుల హక్కులకు తాళం వేసిన 1976 నాటి జబల్‌పూర్ తీర్పులో తండ్రి మెజారిటీ వైపు ఉన్నారు. ఒంటరిగా ఎదురు నిలిచింది హెచ్ఆర్ ఖన్నా, దానికి సీజేఐ పదవినే పోగొట్టుకున్నారు. 2017లో గోప్యత హక్కు తీర్పులో తండ్రి తీర్పు తప్పని కొడుకు రాశారు. 2024 నవంబర్‌లో డీవై చంద్రచూడ్ సీజేఐ కుర్చీ దిగితే ఎక్కింది హెచ్ఆర్ ఖన్నా తమ్ముడి కొడుకు సంజీవ్ ఖన్నా. ఇంటిపేరు ఒకటే అయినా ఇక్కడ గందరగోళం లేదు, కథ ఇంకా బాగా అర్థమవుతుంది. రామస్వామిలకు ఆ అదృష్టం లేదు.

ఎవరి తీర్పో ఎలా తెలుసుకోవాలి?

వాట్సప్‌లో 'జస్టిస్ రామస్వామి' అంటూ ఏదైనా ఫార్వార్డ్ వస్తే రెండే చూసుకోవాలి, ఇనీషియల్ ఒకటి, సంవత్సరం ఒకటి. 1965-69 మధ్య అయితే పాత వి.రామస్వామి. 1989-94 మధ్య వి అని ఉంటే అభిశంసన ఎదుర్కొన్నవారు. కె అని ఉంటే సమత తీర్పు ఇచ్చినవారు. 1994 ఫిబ్రవరి తర్వాత, 1997 జులై వరకు అయితే సుప్రీంకోర్టులో మిగిలిన రామస్వామి ఒక్కరే, ఆయన కె.రామస్వామి. ఇనీషియల్ లేని వార్త అయితే షేర్ బటన్ నొక్కేముందు తీర్పు కాపీ వెతకడం మేలు. సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో మాజీ న్యాయమూర్తుల జాబితా అందరికీ అందుబాటులోనే ఉంది.

అభిశంసన ఎదుర్కొన్న వి.రామస్వామి 2025 మార్చి 8న 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. సరిగ్గా ఆరు రోజులకు ఢిల్లీలో యశ్వంత్ వర్మ ఇంటి స్టోర్ రూమ్‌లో మంటలు లేచాయి.